వికిరణ చికిత్సలో భౌతికశాస్త్రజ్ఞుని శిక్షణ: ఒక విమర్శ

గుంటూరు నుండి గుంతకల్లు పోవు రైలు మార్గముమీద కంభము ఒక స్టేషను. ఈ పట్టణమున వికిరణ చికిత్స చేయు యంత్రము లేదు. ఇచ్చటి రైతుకు గొంతులో కణితి పుట్టెనేని అతడు తూర్పు రైలెక్కి గుంటూరైనను పోవలెను, పడమటి రైలెక్కి నంద్యాలలో దిగి కర్నూలైనను చేరవలెను. కొందరు హైదరాబాదునకు, కొందరు వేలూరునకు పోవుటయు కలదు. అక్కడి డాక్టరు పరీక్షలన్నియు జరిపి, వారమునకు ఐదు దినముల చొప్పున ఆరు వారములపాటు, మొత్తము ముప్పది మార్లు కిరణములు పట్టవలెనని చెప్పును. పల్లెవారు దీనిని ‘కరెంటు పెట్టుట’ అందురు. రోగి శరీరములోనికి కరెంటు ఏమియు పోదు. పోవునది ఎక్సు కిరణములో, గామా కిరణములో. అయినను ఆ మాట స్థిరపడిపోయినది. దానిని తప్పుపట్టి లాభము లేదు.

ఈ ఆరు వారములలో రోగి ఎరుగునది ఇద్దరిని. ఒకరు డాక్టరు, రెండవవారు యంత్రమును నడపు టెక్నీషియను. మూడవ వ్యక్తి ఒకడున్నాడు. రోగి అతనిని సాధారణముగా చూడనే చూడడు. డాక్టరు ‘దినమునకు 2 గ్రేలు’ అని వ్రాసిన చీటీని ‘ఇన్ని నిమిషములు, ఈ దిక్కునుండి, ఇంత వైశాల్యమున’ అని యంత్రమునకు తెలియు భాషలోనికి మార్చువాడు, ఆ యంత్రము నిజముగా అంత మోతాదునే ఇచ్చుచున్నదని కొలిచి పూచీపడువాడు అతడే. అతడు వైద్యుడు కాడు. భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. చదివి ఆసుపత్రిలో పనిచేయువాడు. వైద్య భౌతికశాస్త్రజ్ఞుడని అతనికి పేరు. అతనిని తయారు చేయుటకు ఇప్పుడున్న పద్ధతి చాలునా అనునదే ఇచ్చట విచారింపవలసిన విషయము.

ముందుగా ఒక చిన్న లెక్క. గ్రే యనగా ఒక కిలోగ్రాము పదార్థమున ఒక జౌలు శక్తి నిలుచుట. 2 గ్రేల మోతాదు కిలోగ్రాము నీటిలో 2 జౌళ్లను మాత్రమే విడుచును. నీటి విశిష్టోష్ణము తెలిసిన పదవ తరగతి విద్యార్థి ఎవడైనను లెక్కించి చూడవచ్చును: ఆ శక్తివలన నీరు వేడెక్కునది ఒక డిగ్రీలో రెండువేలవ వంతు. కావున రోగికి వేడి తెలియదు, నొప్పి తెలియదు. రెండుకు బదులు మూడు గ్రేలు పడినను ఆ క్షణమున తెలియదు. మందు చేదుగా నున్నచో నాలుక చెప్పును. సూది తప్పినచో చేయి చెప్పును. ఇక్కడ తప్పును పట్టుకొనగల ఇంద్రియము మానవునకు లేదు. ఎక్కువైన మోతాదు వారములు, మాసములు గడచిన పిమ్మట పుండై, గట్టిపడిన కండరమై, ఒక్కొక్కప్పుడు మరణమై బయటపడును. తక్కువైన మోతాదు ఇంకను మోసకరమైనది: కణితి మరల తలయెత్తును, అది వ్యాధి స్వభావమని అందరు అనుకొందురు. వికిరణపు కొలతల అంతర్జాతీయ సంఘము 1976లో వెలువరించిన 24వ నివేదికలో కణితికి చేరు మోతాదు డాక్టరు కోరినదానికి 5 శాతము అటునిటుగా నుండవలెనని చెప్పినది. ఈ ఐదు శాతమును కాపాడుటయే భౌతికశాస్త్రజ్ఞుని ఉద్యోగమని చెప్పినను తప్పులేదు.

మన దేశమున ఈ వృత్తికి ఆద్యుడు డాక్టరు రామయ్యనాయుడు. ఆయన పారిస్‌లో మేడమ్ క్యూరీవద్ద పరిశోధన చేసి వచ్చి, బొంబాయిలో 1941లో తెరచిన టాటా స్మారక ఆసుపత్రిలో భౌతికశాస్త్రజ్ఞుడుగా చేరెను. రేడియము లవణమునుండి వెలువడు రాడాన్ వాయువును పట్టి సన్నని గొట్టములలో నింపి చికిత్సకు పంపు యంత్రాగారమును నెలకొల్పెను. ఆ కాలమున ఈ విద్యకు తరగతి లేదు, పరీక్ష లేదు. గురువు చేతిప్రక్కన చేయి పెట్టి నేర్చుకొనుటయే. 1962లో ట్రాంబేలోని అణుశక్తి సంస్థ (నేటి భాభా అణు పరిశోధన కేంద్రము) రేడియొలాజికల్ ఫిజిక్సున డిప్లొమా తరగతిని ఆరంభించినది. తరువాత మదరాసులోని అన్నా విశ్వవిద్యాలయము మొదలగునవి ఎం.ఎస్‌సి. స్థాయిలో వైద్య భౌతికశాస్త్రమును బోధింప మొదలిడినవి. 1976లో ఈ వృత్తివారి అఖిల భారత సంఘమును ఏర్పడినది. దానివారు ఇప్పటికిని రామయ్యనాయుడు పేర ఉపన్యాసము నేర్పాటు చేయుచున్నారు.

తరగతి గదిలో చదివిన చదువుతో ఎవరును రోగి జోలికి పోరాదు గదా! అందుచేత అణుశక్తి నియంత్రణ మండలి తన వికిరణ చికిత్సా భద్రతా నియమావళిలో చదువునకు తోడు మరియొక నిబంధన చేర్చినది: గుర్తింపు పొంది, తగిన సాధనసంపత్తి గల చికిత్సా విభాగమున కనీసము పండ్రెండు మాసములు ఇంటర్న్‌గా పనిచేసియుండవలెను. ఈ నిబంధన మంచిదే. ఇది లేని కాలముతో పోల్చినచో గొప్ప ముందడుగని ఒప్పుకొనవలెను. కాని ఆ వాక్యము నెలలను చెప్పుచున్నదే గాని, ఆ నెలలలో ఏ కొలతను ఎన్నిమార్లు స్వహస్తముతో చేసియుండవలెనో చెప్పుటలేదు. విమర్శకు మూలమిదియే.

కంభము చెరువును ఎరిగినవారికి ఈ లోపమును వివరించుట సులభము. గుండ్లకమ్మకు అడ్డముగా రెండు కొండల నడుమ కట్ట వేసి విజయనగర రాజుల కాలమున ఏర్పరచిన ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు వారసత్వ కట్టడముగా గుర్తించిరి. అట్టి చెరువు తూములు చూచుకొను నీరుగంటికి ఒక సంవత్సరపు అనుభవమున్నదని అనుకొందము. ఆ సంవత్సరము వానలు లేక చెరువు సగము కూడ నిండలేదు. అతడు పండ్రెండు నెలలు పనిచేసినమాట నిజమే. కాని కట్ట నిండుగా నీరు నిలిచి అలుగు పారునపుడు తూమును ఎంత ఎత్తవలెనో అతనికి తెలియునా? చికిత్సా యంత్రమునకును ఇట్టి ‘నిండు చెరువు’ దినములు కలవు. కోబాల్టు యంత్రములో పాత మూలమును తీసి క్రొత్త మూలమును అమర్చుట కొన్ని సంవత్సరములకు ఒకమారు జరుగు పని. క్రొత్త లీనియర్ యాక్సిలరేటరును దించి, దాని కిరణపుంజమును నీటితొట్టిలో కొలిచి, చికిత్సకు సిద్ధపరచుట అంతకంటె అరుదు. పండ్రెండు మాసముల ఇంటర్న్ ఈ రెంటిలో ఒకదానినైనను చూడకయే సర్టిఫికెట్టు పుచ్చుకొని పోవుటకు అవకాశమున్నది. ఘోర ప్రమాదములు కొన్ని ఆ అరుదైన దినములనే పుట్టినవని చరిత్ర చెప్పుచున్నది.

1988లో ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరమున క్రొత్త కోబాల్టు మూలమును అమర్చిరి. దాని తీవ్రతను కొలుచునపుడు కాలపు లెక్కలో తప్పు దొరలినది. 207 మంది రోగులకు వలసినదానికంటె 25 శాతము ఎక్కువ మోతాదు పడినది. 1996లో కోస్టారికా దేశపు రాజధాని సాన్‌హోసేలో మరల ఇట్టిదే జరిగినది. అక్కడి తప్పు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది. యంత్రపు గడియారము నిమిషములను దశాంశములలో చూపును. 0.3 నిమిషము అనగా 18 సెకండ్లు. దానిని 30 సెకండ్లుగా తీసికొనిరి. 18 సెకండ్లలో వచ్చిన మోతాదు 30 సెకండ్లలో వచ్చినదని లెక్కవేసినచో మూలము నిజముగా నున్నదానికంటె బలహీనమైనదిగా తేలును. బలహీనమైన మూలమునకు ఎక్కువ కాలము కావలెను గదా! ఆ విధముగా వందకు పైగా రోగులకు 50–60 శాతము అధిక మోతాదు పట్టినది. కొందరు మరణించిరి.

అంతకుముందు 1974–76 నడుమ అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, కొలంబస్ నగరములో జరిగినది వేరొక రకము. అక్కడ క్రొత్త మూలమును సరిగానే కొలిచిరి. పిమ్మట అది క్షీణించు తీరును గ్రాఫు కాగితముమీద గీసికొని, ఆ గీతనే నమ్మి ఇరువదిరెండు మాసములు గడపిరి. గీత తప్పు. గీత చూపిన దానికంటె మూలము ఎక్కువ బలముగా నున్నది. 10 శాతముతో మొదలైన అధిక మోతాదు పెరిగి పెరిగి 45 శాతము దాక పోయినది. 426 మంది రోగులు దానికి గురియైరి. ఆ ఇరువదిరెండు మాసములలో ఒక్కమారు కొలతపేటికను కిరణముల క్రింద పెట్టియున్నచో గీత అబద్ధము ఆ దినమే బయటపడియుండును.

ఈ కథలలో ఎక్కడను శాస్త్రము తెలియకపోవుట లేదు. అర్ధజీవిత సూత్రము ఇంటర్మీడియేటు విద్యార్థికి వచ్చును. నిమిషమునకు అరువది సెకండ్లని మూడవ తరగతి పిల్లవానికి వచ్చును. లేనిది రెండవమారు కొలుచు అలవాటు, రెండవవాని చేత కొలిపించు అలవాటు. పరీక్షపత్రము అలవాటును కొలువజాలదు. దానిని ఆసుపత్రిలో, పెద్దవాని ప్రక్కన నిలిచి, విసుగు పుట్టువరకు చేసి సంపాదింపవలెను. రెసిడెన్సీ శిక్షణ యొక్క ప్రయోజనమంతయు ఇందే యున్నది.

ఒక దినపు లెక్క ఎట్లుండునో చూతము. ఒక కోబాల్టు యంత్రమును జనవరిలో కొలిచినపుడు నిమిషమునకు 150 సెంటీగ్రేలు వచ్చినవనుకొందము. కోబాల్టు-60 అర్ధజీవితము 5.27 సంవత్సరములు, నెలకు ఇంచుమించు 1.1 శాతము తగ్గును. జూలై నాటికి ఆ 150 కాస్త 140.4 అగును. రోగి కణితి చర్మమునకు 10 సెంటీమీటర్ల లోతున నున్నది. అంతదూరము పోవునప్పటికి పై మోతాదులో 56 శాతము మాత్రమే మిగులుననుకొందము. అక్కడ 200 సెంటీగ్రేలు పడవలెనన్నచో పైన 357 పడవలెను. 357ను 140.4తో భాగించినచో 2.54 నిమిషములు. జనవరి అంకెనే వాడి లెక్కించినవాడు 2.38 నిమిషములు పెట్టి, 6 శాతమునకు పైగా తక్కువ మోతాదు ఇచ్చును. ఐదు శాతపు గీత దాటిపోయినట్లే. ఇక 2.54ను 2 నిమిషముల 54 సెకండ్లని చదివినవాడు (అది 2 నిమిషముల 32 సెకండ్లు మాత్రమే) 14 శాతము ఎక్కువ ఇచ్చును. ఇంత చిన్న లెక్కలో ఇన్ని గోతులున్నవి. నిజమైన రోగికి మూడు నాలుగు దిక్కులనుండి కిరణములు పట్టుదురు, దారిలో ఎముకలు, గాలితిత్తులు అడ్డమగును.

కొలత సాధనమునందును గోతులు లేకపోలేదు. మోతాదును కొలుచుటకు వాడునది అయొనైజేషన్ ఛాంబరు, అనగా 0.6 ఘన సెంటీమీటరు గాలి నిలుచు చిన్న పేటిక. కిరణములు ఆ గాలిలో పుట్టించు విద్యుదావేశమును కొలుతురు. పేటికలోని గాలి బయటి గాలితో కలిసియుండును. గాలి వేడెక్కినచో వ్యాకోచించి కొంత బయటికి పోవును, లోపల అణువులు తగ్గును, రీడింగు తగ్గును. ప్రమాణముగా తీసికొను ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. చల్లబరచు యంత్రము చెడిపోయి గది 35 డిగ్రీలకు చేరిన దినమున కొలిచి, చార్లెసు నియమము ప్రకారము చేయవలసిన సవరణను మరచినచో తప్పు ఎంత? 308ని 293తో భాగించి చూడుడు: సరిగా 5 శాతము. కంభము ప్రాంతపు ఎండలను ఎరిగినవారికి 35 డిగ్రీలు పెద్ద సంఖ్య కాదు. పై నివేదిక అనుమతించిన తప్పంతయు ఒక్క మరపులోనే ఖర్చైపోయినది! గాలి పీడనమునకును ఇట్టి సవరణయే కలదు. బారోమీటరు చూడకుండ ‘నిన్నటి విలువయే వేయి’ అను ఇంటర్న్‌కు బాయిల్ నియమము తెలియదని ఎవరనగలరు? తెలిసియు చూడలేదు, అంతే.

ఇచ్చట ఉపాధ్యాయులకు చేదైన ఒక సంగతి జ్ఞప్తికి తేవలసియున్నది. మన కళాశాలలలో సామాన్య లోలక ప్రయోగము చేయు విద్యార్థికి g విలువ 980 రావలెనని ముందే తెలియును. 1040 వచ్చినచో అతడు దారము పొడవును మరల కొలువడు. అంకెను సవరించి రికార్డు పుస్తకమున 978 అని వ్రాయును. అధ్యాపకుడు సంతకము చేయును. ఈ దురభ్యాసము హైస్కూలులో మొదలై డిగ్రీ దాటి పోవుచున్నది. రోగి ఎదుట నిలువబోవు భౌతికశాస్త్రజ్ఞుడును ఆ రికార్డు పుస్తకములలోనుండియే వచ్చుచున్నాడు. అతని పండ్రెండు మాసముల ఇంటర్న్‌షిప్పుకును ఒక రికార్డు పుస్తకమే సాక్ష్యమైనచో, ఆ సాక్ష్యము విలువ ఎంత?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన గ్రంథము ఒకటి యున్నది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2009లో తన శిక్షణ గ్రంథమాలలో 37వదిగా, వికిరణ చికిత్సలో ప్రవేశించు భౌతికశాస్త్రజ్ఞుల ఆసుపత్రి శిక్షణకు మార్గదర్శిని ప్రచురించినది. ఆసియా, పసిఫిక్ దేశముల సహకార ప్రణాళికనుండి పుట్టినదగుటచే మన స్థితిగతులకు ఇది పరాయి గ్రంథము కాదు. ఇందు నెలలకంటె సామర్థ్యములకు ప్రాధాన్యము. శిక్షణ అంతయు ఎనిమిది భాగములు. రోగులను, వైద్యవిధానమును పరిచయము చేయుటతో మొదలై, వికిరణ భద్రత, మోతాదు కొలత, బాహ్య చికిత్స, దాని ప్రణాళిక, మూలమును దేహములోనే నిలుపు సమీప చికిత్స, వృత్తిధర్మము, పరిశోధనా బోధనలు వరుసగా వచ్చును. ప్రతి సామర్థ్యమునకును మెట్లున్నవి. క్రింది మెట్టున నున్నవాడు చూచుటకు మాత్రమే అర్హుడు. పై మెట్టు చేరినవాడు పెద్దవాని తోడు లేకయే చేయగలడు. ఏ మెట్టున నున్నాడో పర్యవేక్షకుడు చూచి సంతకము పెట్టవలెను. కాలము కనీసము రెండు సంవత్సరములని ఆ సంస్థ అభిప్రాయము.

ఈ గ్రంథపు గొప్పతనము మొదటి భాగముననే తెలియును. భౌతికశాస్త్రజ్ఞునికి యంత్రమునకు ముందు రోగిని చూపవలెనన్నది దాని సంకల్పము. ఇది మర్యాదకొరకు చెప్పిన మాట కాదు. చికిత్సకు ముందు రోగి చర్మముమీద సిరాతో గుర్తులు పెట్టుదురు; ప్రతి దినము కిరణములను ఆ గుర్తులకు సరిపెట్టుదురు. ఆరు వారముల నడుమ ఉగాది వచ్చినది. కంభమునుండి పోయిన రోగి ఇంటికి వచ్చి తలంటు పోసికొన్నాడు. గుర్తులు సగము చెరిగినవి. ఇంటిలో ఎవరో ఉన్న ఆనవాలుమీద దిద్దిరి. అప్పుడు అర సెంటీమీటరు ప్రక్కకు జరిగిన కిరణములను ఏ సమీకరణము సవరింపగలదు? ఇట్టిది జరుగునని ఊహింపగలవాడు రోగిని కూర్చుండబెట్టి, అతని మాటలోనే, ‘ఈ గీతలకు నీళ్లు తగలనీయకు, చెరిగితే నువ్వు దిద్దుకోకు, మాకు చెప్పు’ అని చెప్పగలడు. ప్రణాళికలన్నియు కంప్యూటరు తెరమీదనే గీసినవానికి ఇది తోచదు.

గ్రంథమున లోపములును లేకపోలేదు. పర్యవేక్షకుడే ఆ భవనమునకు మూలస్తంభము. ప్రతి మెట్టును అతడే పరీక్షింపవలెను. ముగ్గురు నలుగురు అనుభవజ్ఞులున్న పెద్ద ఆసుపత్రిలో ఇది సాగును. ఒకరో ఇద్దరో భౌతికశాస్త్రజ్ఞులతో దినమంతయు రోగుల వరుస తరగని విభాగమున పర్యవేక్షకుడు ఇంటర్న్ పనిని ఎప్పుడు పరీక్షించును? తన పని అతనికి అప్పగించును. అప్పుడు శిక్షణ పొందవలసినవాడు జీతము తక్కువైన పనివాడుగా మారిపోవును. ఈ ప్రమాదమును గ్రంథము గుర్తించినట్లున్నను దానికి ఆసుపత్రి అధికారుల మంచితనమునే నమ్ముకొన్నది. రెండవ లోపము ఇంతకంటె సూక్ష్మమైనది. కొలుచుట వచ్చునా, లెక్కించుట వచ్చునా అని మెట్లెక్కించి చూడవచ్చును. తన లెక్కను తానే అనుమానించు గుణమును ఏ మెట్టుమీద నిలిపి చూతురు? కొలంబస్‌లో గీత గీసినవాడు ఈ మెట్లన్నియు ఎక్కగలిగియుండెడివాడే యని తోచుచున్నది.

అమెరికావారు ఈ విషయమున కఠినముగా నడచిరి. 2014 మొదలుకొని అక్కడి రేడియాలజీ బోర్డు పరీక్షకు కూర్చుండగోరు భౌతికశాస్త్రజ్ఞుడు గుర్తింపు పొందిన రెసిడెన్సీని ముగించియుండవలెను; సామాన్యముగా దాని కాలము రెండు సంవత్సరములు. ఫలితముగా పట్టాలు పుచ్చుకొనువారు ఎక్కువై, రెసిడెన్సీ స్థానములు తక్కువై, చదివినవారు చాలమంది గుమ్మమువద్దనే ఆగిపోయిరి. మన దేశము రేపే పండ్రెండును ఇరువదినాలుగు చేసినచో ఇక్కడను అదే జరుగును. కర్నూలో, గుంటూరో మరి యొక ఏడాది భౌతికశాస్త్రజ్ఞుడు లేక వేచియుండినచో కంభము రోగికి కలుగు నష్టము తప్పుడు మోతాదువలన కలుగు నష్టముకంటె తక్కువేమియు కాదు. కావున కాలమును రెట్టించుట ఒక్కటే మందని వాదించువారితో ఏకీభవించుట కష్టము. నెలలు పండ్రెండే యైనను, ఆ నెలలలో తప్పక చేయవలసిన పనుల పట్టిక కావలెను. మూలము మార్చు దినమున, క్రొత్త యంత్రమును సిద్ధపరచు దినములలో, పొరుగు ఆసుపత్రుల ఇంటర్న్‌లను కూడ పిలిపించి ప్రక్కన నిలుపవలెను. ఇందుకు క్రొత్త చట్టము అక్కరలేదు, రైలు ఛార్జీలు చాలును.

కంప్యూటరులు వచ్చిన పిమ్మట ఈ చేతిలెక్కలన్నియు ఎందుకని అడుగువారు కలరు. 2000–2001 సంవత్సరములలో పనామా దేశమున జరిగినది వారికి సమాధానము. అక్కడి ప్రణాళికా కంప్యూటరు ఆరోగ్యకరమైన అవయవములను కప్పు సీసపు దిమ్మెలను నాలుగింటిని మాత్రమే లెక్కలోనికి తీసికొనెడిది. ఐదవదానిని కూడ చేర్చగోరి, దిమ్మెలన్నిటిని ఒక్కటిగా చేసి అంకెలు వేయు ఉపాయము పన్నిరి. కంప్యూటరు ఒప్పుకొని, ఉండవలసినదానికి ఇంచుమించు రెండింతల కాలమును చూపినది. 28 మంది రోగులు దెబ్బతినిరి. కాగితముమీద పెన్సిలుతో పైన చూపిన 357 భాగహారము వంటిది ఒక్కటి వేసియున్నచో రెండింతల తప్పు దాగియుండదు. నేటి ఇంటర్న్ దినమంతయు కంప్యూటరు ఎదుట కూర్చుండి అందమైన రంగుల ప్రణాళికలు గీయుటలో నేర్పరి యగుచున్నాడు; ఆసుపత్రులకును అదే కావలెను. చేతిలెక్క మూలబడుచున్నది. పై పట్టికలో మొట్టమొదట చేర్చవలసినది ఇదే: ప్రతి ఇంటర్న్ ఇన్ని ప్రణాళికలను కంప్యూటరు సాయము లేకుండ సరిచూచియుండవలెను, తేడా వచ్చినచో కారణము వ్రాసియుండవలెను. తేడా వచ్చిన పుటలకే ఎక్కువ మార్కులు వేయవలెను. తేడా ఒక్కటియు లేని రికార్డును పరీక్షకుడు అనుమానించుట మంచిది.

పర్యవేక్షకుని సంతకముతో అవసరము లేని సాక్ష్యము మరియొకటి యున్నది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థయు ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలిసి 1969 నుండి తపాలా మూలముగా మోతాదు తనిఖీ నడపుచున్నవి. మన దేశమున భాభా కేంద్రము ఇట్టి సేవ చేయుచున్నది. పద్ధతి చాల సులభము. వేడిచేసినచో తాను త్రాగిన వికిరణమునకు తగినంత వెలుగును విడుచు ఒక పొడిని చిన్న గుళికలో పెట్టి ఆసుపత్రికి పంపుదురు. అక్కడివారు తమ లెక్క ప్రకారము దానికి 2 గ్రేలు పట్టి తిరిగి పంపుదురు. తనిఖీ చేయువారు వెలుగును కొలిచి, నిజముగా పడినదెంతో చెప్పుదురు. ఈ గుళికను ఇప్పుడు అనుభవజ్ఞులే కిరణముల క్రింద పెట్టుట వాడుక. శిక్షణ ముగియు మాసమున మరియొక గుళికను ఇంటర్న్ చేతికే ఈయవలెను. పెద్దవారెవరును ప్రక్కన నిలువక, అతడే గది ఉష్ణోగ్రత చూచి, పీడనము చూచి, దూరము కొలిచి, నిమిషములు లెక్కించి, గడియారము పెట్టి, తన పేరు వ్రాసి తపాలా పెట్టెలో వేయవలెను. రెండు గ్రేలకు ఐదు శాతము లోపల తేలినదా లేదా అన్నది అతనిని ఎరుగనివారు, దూరముననున్నవారు చెప్పుదురు.